ఓడ తెచ్చిన డాక్టర్లు, ఓడ తెచ్చిన బియ్యం

పొయ్యి ఊగుతూ ఉంటే మీరు వంట చెయ్యగలరా? నా వల్ల కాదు! తెరచాప పడవల్లో మాత్రం పొయ్యి ఊగాల్సిందేనట. పడవ పక్కకి ఒరిగినా గిన్నెలో కూర ఒలికిపోకుండా దాన్ని ఉయ్యాలలా వేలాడదీస్తారు. అంట్లు ముందు సముద్రపు నీళ్ళతో తోమి, చివర ఒక్కసారి మంచినీళ్ళతో తొలుస్తారు. కుళాయి ఒక్కపూట రాకపోతే వీధంతా ఏకం చేసేస్తాం మనం. వాళ్ళకది రోజూ ఉండేదే.

ఇలాంటి పడవల మీద దూరపు దీవులకి వెళ్ళి సేవ చేసే క్రైస్తవ సంస్థలున్నాయి. వాటిలో పనిచేసేవాళ్ళు సాధారణంగా జీతం తీసుకోరు సరికదా, ఛార్జీలు కూడా తామే పెట్టుకుంటారు. డాక్టర్లు, నర్సులే కాదు, తెరచాప లాగేవాళ్ళూ వంట చేసేవాళ్ళూ కూడా ఉంటారు. అందరికీ వేళకి ఇంత వండి పెట్టే మనిషి లేకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు చెప్పండి!

అమెరికాలో స్పెన్స్ దంపతులు 1981లో ‘కాన్వాస్‌బ్యాక్’ అనే సంస్థ పెట్టారు. అది ఒక రకం బాతు పేరు. అదే పేరుతో డెబ్భై అడుగులు దాటిన ఓడ ఒకటి కట్టించారు. రెండు దోనెలు పక్కపక్కన బిగించినట్టుండే కాటమరాన్ అది. ఆ మాట మన పక్కనున్న తమిళుల ‘కట్టుమరం’ నుంచి పోయిందే! ఇలాంటి ఓడ ఎక్కువగా ఒరగదు, లోతు తక్కువ నీళ్ళలోకీ వెళ్ళగలదు. వాళ్ళు పనిచేసిన మార్షల్ దీవులకి అదే కావాలి.

పసిఫిక్ మహాసముద్రంలో పగడపు దిబ్బలు ఉంగరాల్లా తేలినట్టుంటాయి ఆ దీవులు. అలాంటి ఉంగరాలు 29, విడి దీవులు 5. అన్నీ కలిపినా నేల 181 చదరపు కిలోమీటర్లే. ఎత్తంటారా, చాలాచోట్ల సముద్రం కంటే రెండు మీటర్లు. ముఖ్యపట్టణం మజురో. అక్కడికి దూరంగా ఉన్న దీవుల్లో పన్ను నొప్పి వచ్చినా, కంట్లో పొర కమ్మినా పడవ వచ్చేదాకా ఓర్చుకోవాల్సిందే.

అన్నట్టు, ఆ జనం ఓడలు చూడనివాళ్ళేం కాదు. కొబ్బరి ఈనెలు అడ్డదిడ్డంగా కట్టి, దీవులున్నచోట గవ్వలు గుచ్చి, అలల పోకడ చూపించే పటాలు చేసుకున్న ఘనులు! మనకి ఈనెలంటే చీపురే గుర్తొస్తుంది.

‘మతం కలపడానికే వెళ్ళారా?’ అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఆ దీవులకి క్రైస్తవం 1857లోనే వెళ్ళింది, అదీ ఓడ మీదే. ‘మార్నింగ్ స్టార్’ అనే ఆ తెరచాప ఓడ కోసం పిల్లలు తలా పది సెంట్లు వేసుకున్నారట. కాబట్టి కాన్వాస్‌బ్యాక్ వెళ్ళేసరికి వాళ్ళు నూరేళ్ళకి పైగా క్రైస్తవులే. కావలసింది పళ్ళకీ కళ్ళకీ వైద్యం.

ఆ వైద్యానికి లొంగని జబ్బు ఒకటుంది. షుగర్! ప్రపంచంలో ఆ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో మార్షల్ దీవులు ఒకటి. ఎందుకంటారా? అది వంటింటి కథ.

పూర్వం వాళ్ళ తిండి సీమ పనస, కొబ్బరి, చేప, మన మొగలి జాతికి చెందిన ఒక పండు. సీమ పనసని గుంటల్లో పులియబెట్టి నిలవ చేసుకునేవారు, దాన్ని ‘బ్విరో’ అంటారు. ఆ మొగలి జాతి పండు గుజ్జుని ఎండబెట్టి చుట్టలు చుట్టేవారు, అచ్చం మన తాటి తాండ్రలాగే! జపాను పాలనలో బియ్యం అలవాటైంది. తర్వాత అమెరికా వచ్చింది. 1946 నుంచి 1958 దాకా అక్కడ 67 అణుపరీక్షలు చేసింది. బికినీ దీవి నుంచి 167 మందిని లేపేసి, ఆకలితో అల్లాడించి, చివరికి 1948లో కిలి అనే దీవికి చేర్చారు. కిలిలో లోపలి మడుగు లేదు. అలలు లేచే కాలంలో వేటకి దిగడమే కష్టం. చేపలు పట్టి బతికిన జనం ఓడలో వచ్చే తెల్లబియ్యం, మైదా, డబ్బా మాంసం మీద పడ్డారు. మిగతా దీవుల్లోనూ మెల్లిగా అదే తిండి అయింది.

ఇది చదువుతుంటే మా అత్తగారి కాలే కళ్ళముందు మెదిలింది. షుగర్ పెరిగి మూడేళ్ళ క్రితం ఎడమకాలి రెండు వేళ్ళు తీసేశారు. మూడుపూటలా అన్నం పెట్టింది నేనే. ప్రేమగా, మారు మారు వడ్డించి మరీ పెట్టాను. డాక్టరుగారు తిండి గురించి చెప్పినప్పుడు తలూపి వచ్చానే గానీ, కొలిచి వండింది లేదు.

కాన్వాస్‌బ్యాక్ వాళ్ళు తర్వాత ఓడ వదిలి, విమానాల్లో డాక్టర్లని పంపడం మొదలుపెట్టారు. 2006లో ఆ దేశ ఆరోగ్యశాఖతో కలిసి మజురోలో షుగర్ వాళ్ళకి ఒక కేంద్రం పెట్టారు. అక్కడ మందులతోపాటు వంట, నడక, కూరల పెంపకం నేర్పుతారు. కళ్ళు, పళ్ళు చూసే డాక్టర్లతో మొదలైన సేవ చివరికి గరిటె దాకా వచ్చిందన్నమాట. నన్నడిగితే, ఇది ముందే రావాల్సిన సంగతి.

మా పుట్టింటి పెరట్లో సీమ పనస చెట్టుంది. కాయలు రాలి కుళ్ళిపోతుంటే ఊడ్చి పారేసేవాళ్ళం. మొన్న మా వదినతో చెప్పి రెండు కాయలు తెప్పించాను. చెక్కు తీసి, ముక్కలు ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నూనె తక్కువతో ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పెట్టాను. ఒక్క మాట. ఇందులోనూ పిండిపదార్థం బాగానే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు అన్నంలోకి కూరలా కాకుండా అన్నం బదులే తినాలి, అదీ డాక్టర్నడిగి, కొలతగా.

మా అత్తగారు రెండు చెంచాలు తిని, ‘బాగానే ఉందమ్మా’ అన్నారు. నేను మురిసిపోయేలోపే, ‘ఇంతకీ అన్నం ఎప్పుడు పెడతావు?’ అనేశారు.