ఎకరానికి అంగుళం, పది టన్నులు

ఎకరం నేల మీద ఒక్క అంగుళం మంచు పడితే బరువెంత ఉంటుంది? దూదిపింజలా రాలేదానికి బరువేమిటని నవ్వేవాళ్లూ ఉంటారు. లెక్క కష్టమేమీ కాదు. కొత్తగా పడిన మంచు పది అంగుళాలు కరిగితే సుమారు ఒక అంగుళం నీరవుతుంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. అంత మేర అంగుళంలో పదో వంతు నీరు నిలిస్తే 10.3 టన్నులు. 75 కిలోల ధాన్యం బస్తాల్లో చెప్పాలంటే 137 బస్తాలు. ఆరంగుళాలు పడితే ఎకరానికి 62 టన్నులు, ఐదెకరాల షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో 308 టన్నులు. రాత్రికి రాత్రి పడిన ఈ సరుకంతా పొద్దున ఏడింటికి దుకాణం తలుపు తీసేలోగా పక్కకు పోవాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో ఇదే పనిగా బతికే వ్యాపారం ఒకటుంది. దానికి 1996 నుంచి సొంత సంఘం కూడా ఉంది. పేరు స్నో అండ్ ఐస్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్, కార్యాలయం విస్కాన్సిన్ రాష్ట్రంలో.

ఆ పేరులో స్నో ఒకటి, ఐస్ ఒకటి. మనకేమో అన్నీ మంచే. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగి కొండల్ని కప్పేసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. ఈ వ్యాపారంలో మాత్రం స్నో వేరు, ఐస్ వేరు. రెంటికీ పనిముట్లు వేరు, బిల్లులు వేరు. స్నోను తోస్తారు, ఐస్‌కు ఉప్పు వేస్తారు. తోయడం ఇంజిన్ బలంతో తేలిపోయే పని. ఉప్పు వేయడంలో మాత్రం రసాయన శాస్త్రంతో పాటు కోర్టులూ, భయమూ కలిసి ఉంటాయి. డబ్బూ తగవులూ ఎక్కువగా తిరిగేది ఆ రెండో పని చుట్టూనే.

ముందు తోయడం సంగతి. పికప్ ట్రక్కు ముందు ఎనిమిదడుగుల ప్లౌ, అంటే మంచు తోసే బ్లేడు, బిగించి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నడిపితే గంటకు 4.8 ఎకరాలు శుభ్రమవ్వాలి. అది కాగితం మీది లెక్క. మలుపులు తిరగాలి, వెనక్కి రావాలి, వరస మీద వరస కొంత ఎక్కించాలి, దీపస్తంభాలను తప్పించుకోవాలి, ఎవరో రాత్రంతా వదిలేసి పోయిన కారు చుట్టూ తిరగాలి. ఇన్నీ పోగా అందులో సగం తేలినా గొప్పే. అంటే మన ఐదెకరాలకు ఒక్కసారి తిరగడానికే రెండు గంటల పైన పడుతుంది. పైగా ఆరంగుళాలు పడేదాకా ఆగి ఒక్కసారి తోయరు. రెండేసి అంగుళాలు పడినప్పుడల్లా తోస్తారు. అందుకే పెద్ద స్థలాల్లో లోడర్లకు 12 నుంచి 16 అడుగుల పెట్టెలాంటి పుషర్లు తగిలిస్తారు.

తోసినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. మన ఐదెకరాల స్నో 3,080 ఘనపు మీటర్లు. కుప్ప పోస్తే మూడో వంతుకు అణిగిందనుకుందాం. సగటున మూడు మీటర్ల ఎత్తున పోసినా 340 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. ఇరవైకి పైగా కార్లు నిలిచే చోటు ఒక్క తుపానుకే పోయిందన్నమాట. 2022 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాలు పడింది. అలాంటప్పుడు ప్లౌలు చేతులెత్తేస్తాయి. లోడర్లతో ఎత్తి లారీల్లో తరలించాల్సిందే.

అక్కడికక్కడే కరిగించేస్తే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును నీరు చేయడానికి 334 కిలోజౌళ్లు కావాలి. టన్నుకు 93 యూనిట్ల కరెంటు. మన 308 టన్నులకు దాదాపు 28,600 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి పన్నెండేళ్లు సరిపోయే కరెంటది. డీజిల్‌తో చేస్తే, ఒక్క చుక్క వేడి వృథా కాదనుకున్నా టన్నుకు తొమ్మిది లీటర్ల పైమాటే. స్నో కరిగించే యంత్రాలు లేకపోలేదు. కుప్ప పోయడానికి జాగా లేని విమానాశ్రయాల్లో, నగరాల నడిబొడ్డున వాడతారు. మిగతా చోట్ల తోయడమే చవక.

ఈ లెక్కే ఉప్పుకూ వర్తిస్తుంది. ఉప్పు ఉన్నది స్నోనంతా కరిగించడానికి కాదు. నేలకూ మంచుకూ మధ్య పట్టు విడిపోవడానికి అడుగున పల్చటి పొర కరిగితే చాలు, మిగతాది బ్లేడు చూసుకుంటుంది. తోయకుండా ఉప్పు మీదే భారం వేసే కాంట్రాక్టరు తన సోమరితనానికి కూడా మీ దగ్గర బిల్లు వసూలు చేస్తున్నట్టే.

ఉప్పు ఎలా పనిచేస్తుందో మన ఇళ్లలో కొందరికి తెలిసిందే. చెక్క తొట్టిలో ఐస్‌క్రీం తిప్పే రోజుల్లో చుట్టూ ఉన్న ఐస్ ముక్కల మీద కల్లుప్పు చల్లేవాళ్లు. ఐస్ కరిగేది, ఆ ఉప్పునీళ్లు మాత్రం సున్నా కంటే చల్లగా ఉండి లోపలి పాలను గడ్డకట్టించేవి. ఉప్పు చేసే మాయ అంతా అదే: నీరు గడ్డకట్టే హద్దును కిందికి జరపడం. 23.3 శాతం ఉప్పు కలిసిన నీళ్లు మైనస్ 21 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టవు. అయితే అది ప్రయోగశాల మాట. నేల మీద ఉప్పు బలం చలితో పాటు ఎంత వేగంగా పడిపోతుందో చూడండి. నేల ఉష్ణోగ్రత మైనస్ 1 దగ్గర ఉంటే కిలో ఉప్పు 46 కిలోల ఐస్‌ను కరిగిస్తుంది, అయిదు నిమిషాల్లో పని మొదలవుతుంది. మైనస్ 4 దగ్గర ఆ 46 కాస్తా 14 అవుతుంది. మైనస్ 7 దగ్గర 8.6 కిలోలు, ఇరవై నిమిషాలు. మైనస్ 9 దగ్గర 6.3 కిలోలు, ఒక గంట. మైనస్ 12కు వచ్చేసరికి అయిదు కిలోలు కూడా కరగవు. అక్కడ ఎండు ఉప్పు చల్లడం దండగని మినెసోటా రాష్ట్రం ఇచ్చే శిక్షణ పుస్తకాలు తేల్చి చెబుతాయి. ఆ చలికి కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి కావాలి, లేదా పట్టు కోసం ఇసుక చల్లాలి.

ఇక్కడ చూడాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, నేలది. భవనానికి ఉత్తరాన నీడలో ఉన్న నేలకూ ఎండ తగిలే నేలకూ తేడా ఉంటుంది. పని తెలిసినవాళ్ల జేబులో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటుంది. లేనివాళ్లు ఫోన్లో వాతావరణం చూసి చల్లుకుపోతారు.

ఎంత చల్లాలన్నదానికి మినెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెప్పే కొలత వెయ్యి చదరపు అడుగులకు నాలుగు పౌన్ల లోపు. కాఫీ మగ్గు నిండా తీసుకుంటే పౌను ఉప్పు. అది 250 చదరపు అడుగులకు సరి. ఎకరానికి లెక్కిస్తే 79 కిలోలు. అసలు స్నో పడకముందే ఉప్పునీళ్లను సన్నటి చారలుగా కొట్టి ఉంచితే మంచు నేలను అంటుకోదు. తర్వాత కరిగించడానికి పట్టే ఉప్పులో దాదాపు నాలుగో వంతుతోనే పని జరిగిపోతుంది. ఎండు ఉప్పును తడిపి చల్లినా లాభమే. ఎండుదైతే 30 శాతం దాకా ఎగిరి పక్కకు పోతుందని, తడిపితే 4 శాతమే పోతుందని మిచిగన్‌లో చేసిన పరీక్షల్లో తేలింది. ఇన్ని తెలిసీ పార్కింగ్ లాట్లలో కాలికింద ఉప్పు కంకరలా కరకరలాడుతుంటుంది. ఎందుకు?

భయం వల్ల. 2014లో అమెరికాలో మంచూ ఐసూ కారణంగా పనిచోట గాయపడి కనీసం ఒక రోజు పని పోగొట్టుకున్నవాళ్లు 42,480 మంది. 2017లో 20 వేల పైచిలుకు. వీళ్లు ఉద్యోగులు మాత్రమే, కొనుగోలుదార్లు ఈ లెక్కలో లేరు. జారిపడినవాళ్లు దావా వేస్తే యజమానీ కాంట్రాక్టరూ ఇద్దరూ కోర్టు మెట్లెక్కాలి. న్యూయార్క్ నగరంలో పగలు ఏడు నుంచి అయిదు లోపు స్నో ఆగితే నాలుగు గంటల్లో ఎదుటి కాలిబాట శుభ్రం చేయాలి. సాయంత్రం అయిదుకూ తొమ్మిదికీ మధ్య ఆగితే 14 గంటలు గడువు. రాత్రి తొమ్మిది దాటి ఆగితే మర్నాడు పదకొండు లోపు. 2003 నుంచి ఆ కాలిబాట మీద ఎవరైనా పడితే బాధ్యత కూడా, ఒకటి నుంచి మూడు కుటుంబాలు ఉండే సొంత ఇళ్లను మినహాయిస్తే, స్థలం యజమానిదే. మసాచుసెట్స్‌లో వందేళ్లకు పైగా ఓ సూత్రం ఉండేది: ఆకాశం నుంచి తనంత తాను పడి పేరుకున్న మంచుకు యజమాని పూచీ లేదు. 2002లో డాన్వర్స్‌లోని ఓ మాల్ పార్కింగ్‌లో ఒకాయన జారిపడ్డాడు. ఆ కేసులో 2010లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ సూత్రాన్నే ఎత్తేసింది. గాయాల దావా వేయడానికి న్యూయార్క్‌లోనూ మసాచుసెట్స్‌లోనూ మూడేళ్ల గడువుంటుంది. అందుకే మంచి కాంట్రాక్టరు ప్రతి రాత్రీ ఎన్నింటికి వచ్చాడు, నేల ఉష్ణోగ్రతెంత, ఎన్ని కిలోలు చల్లాడు అన్నవి ఫొటోలతో సహా రాసిపెడతాడు. అది రాయనివాడు రెండు బస్తాలు ఎక్కువ పోసి అదే రుజువనుకుంటాడు.

కోర్టుకెక్కే కేసుల్లో తెల్లటి కుప్పల కంటే ప్రమాదమైనది బ్లాక్ ఐస్. పగలు ఎండకు కుప్ప కరుగుతుంది, నీళ్లు వాలుకు పారి నేల మీద పల్చగా పరుచుకుంటాయి, పొద్దుగూకాక అద్దంలా గడ్డకడతాయి. పార్కింగ్ ఎత్తు భాగాన కుప్ప పోస్తే ఈ తంతు ప్రతి రాత్రీ జరుగుతుంది. పల్లాన, నీరు పోయే తూము పక్కన పోస్తే సగం బాధ తప్పుతుంది. దీనికి ఖర్చేమీ లేదు, చలికాలానికి ముందు ఒకసారి స్థలం చుట్టూ నడిచి చూడాలంతే.

ఇక ఒప్పందం. సాధారణంగా రెండు రకాలు. ఒకటి, వచ్చిన ప్రతిసారికీ ఇంత, ఉప్పుకు టన్నుకింత. రెండోది, సీజనంతటికీ ఒకే మొత్తం. ఎన్ని అంగుళాలు పడితే ట్రక్కు కదలాలో కూడా ముందే రాసుకుంటారు. రెండంగుళాలు మామూలు, ఆసుపత్రులకైతే రేణువు పడగానే. మినియాపొలిస్ సగటు చలికాలం 51 అంగుళాలు. 2022-23లో 90.3 పడింది. ఆ మరుసటి ఏడు 30 అంగుళాలు కూడా పడలేదు. మొత్తం ఒప్పందం కుదుర్చుకున్న కాంట్రాక్టరు మొదటి ఏడు మునిగి, రెండో ఏడు తేలాడు. విడి లెక్క ఒప్పందంలో యజమాని మునిగి తేలాడు. కానీ ఉప్పు దగ్గర చిక్కు వేరు. టన్నుకింత అని బిల్లు వేసేవాడికి ఎక్కువ చల్లితే ఎక్కువ వస్తుంది. మొత్తం ఒప్పందంలో ఉన్నవాడికి తక్కువ చల్లితే మిగులుతుంది. కాబట్టి ఎంత ఉప్పు పడుతుందన్నది మంచు కంటే ముందు ఒప్పందమే తేలుస్తుంది.

ఆ ఉప్పు ఎటు పోతుంది? టీ చెంచాడు ఉప్పు అయిదు గ్యాలన్ల, అంటే 19 లీటర్ల నీటిని జలచరాలకు పనికిరాకుండా చేస్తుందని మినెసోటా సంస్థ చెబుతుంది. దీర్ఘకాలానికి అమెరికా పెట్టుకున్న హద్దు లీటరుకు 230 మిల్లీగ్రాముల క్లోరైడ్. ఎకరానికి పొదుపుగా చల్లే 79 కిలోల్లో క్లోరైడ్ 48 కిలోలు. రెండు లక్షల లీటర్ల మంచినీటిని ఆ హద్దుకు చేర్చడానికి అంత చాలు. హైదరాబాద్ వీధుల్లో తిరిగే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. ఇది ఒక్క ఎకరానికి, ఒక్క రాత్రికి. క్లోరైడ్ ఆవిరైపోదు, కుళ్లిపోదు. మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో వేసిన ఉప్పులో దాదాపు 70 శాతం అక్కడి చెరువుల్లో, భూగర్భజలాల్లోనే ఉండిపోతోందని మినెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. చౌడు తేలిన పొలం మళ్లీ పంటకు రావాలంటే ఏం పాట్లు పడాలో మన కోస్తా రైతుల్ని అడిగితే చెబుతారు. 1941-42 చలికాలంలో అమెరికా రహదారులన్నింటి మీదా కలిపి వేసిన ఉప్పు 5,000 టన్నులు. ఇప్పుడు ఏడాదికి రెండు కోట్ల టన్నుల పైనే.

ఆ దేశంలో రోడ్ల మీద ఉప్పు మొదట ప్రయత్నించి చూసింది న్యూ హాంప్‌షైర్, 1938లో. దారి కొంత మళ్లించింది కూడా ఆ రాష్ట్రమే. అక్కడ ఐ-93 రహదారి వెడల్పు చేసేటప్పుడు పక్క వాగుల్లో క్లోరైడ్ లెక్కలు తీస్తే ప్రైవేటు పార్కింగ్ స్థలాల వాటా పెద్దదిగానే తేలింది. 2013లో చట్టం తెచ్చారు. శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకుని, వాడిన ఉప్పు లెక్క రాసి చూపే కాంట్రాక్టరుకూ, అతన్ని పెట్టుకున్న యజమానికీ జారిపడిన దావాల నుంచి కొంత రక్షణ ఇచ్చారు. ఉప్పు తగ్గించమని బతిమాలడం కాకుండా ఎక్కువ చల్లించే భయాన్నే తగ్గించారు. ఈ వ్యవహారంలో నేను చూసినంతలో ఇదొక్కటే అసలు రోగానికి పడిన మందు.

మంచు పడే ఆ ఉత్తర రాష్ట్రాల్లో మోటళ్లు, కిరాణా దుకాణాలు, గ్యాస్ స్టేషన్లు నడిపే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పిట్స్‌బర్గ్‌లో, షికాగో పక్క అరోరాలో వేంకటేశ్వరుడి గుళ్లున్నాయి. వైకుంఠ ఏకాదశి ఉత్తర ద్వార దర్శనం నిండు చలికాలంలో, తెల్లవారుజామునే వస్తుంది. పెద్దవాళ్లు కాలు పెట్టేది ఆ పార్కింగ్ లాట్‌లోనే. ఈసారి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు కాంట్రాక్టరును మూడు సంగతులు అడగండి: ఉప్పుకు టన్ను లెక్కన బిల్లా, సీజనుకా? నేల ఉష్ణోగ్రత దేనితో కొలుస్తారు? ఉప్పు చల్లే యంత్రం ఎకరానికి ఎన్ని కిలోలు వదులుతుందో చివరిసారి ఎప్పుడు తూచి చూశారు? మూడోదానికి జవాబు రాకపోతే ఇంకొకరిని వెతుక్కోండి.