అందరి చేలోనూ ఒకే శనగ

నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టూ ఉన్న నల్లరేగడి చేలల్లో వానలు వెనుదిరిగాక, అక్టోబరు, నవంబరు నెలల్లో పప్పుశనగ విత్తుతారు. చాలా చేలకు ఆ తర్వాత తడి ఉండదు. రేగడి పట్టి ఉంచిన తేమ ఎన్నాళ్లుంటే అన్నాళ్లే పైరు బతుకు. అది ఆరేలోపు కాయ గట్టిపడాలి.

ఒకప్పుడు ఇక్కడ అందరూ వేసింది కర్ణాటక నుంచి వచ్చిన అన్నిగెరి రకం. తర్వాత దాని చోటులోకి 1999లో విడుదలైన జేజీ 11 వచ్చింది; అది ఎండు తెగులును తట్టుకుంది, వంద రోజులకే కోతకొచ్చింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన రకమది.

2007లో మొదలైన ‘ట్రాపికల్ లెగ్యూమ్స్’ పథకం ప్రకాశం జిల్లాతో పాటు నంద్యాల అప్పట్లో ఉన్న కర్నూలు జిల్లాలోనూ రకాల ఎంపికను రైతుల చేతికిచ్చింది. ఇలాంటి ఎంపికకు ఒక పద్ధతి ఉంది. ఊళ్లో ఒక రైతు చేలో రకాలన్నీ పక్కపక్కన వేస్తారు. అది తల్లి క్షేత్రం. మిగతావాళ్లు తలా ఒకటో రెండో రకాలు తీసుకుని తమ పాత రకం పక్కనే, తమ ఎరువుతో, తమ గొర్రుతో విత్తుకుంటారు; అవి పిల్ల క్షేత్రాలు. కోతకు ముందు అందరూ చేలు తిరిగి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెబుతారు. ఆ కారణాలే విలువైనవి. శాస్త్రవేత్త దిగుబడి తూస్తే, గింజ రంగుకు వ్యాపారి ఏం ధర కడతాడో, కోతకు కూలీలు దొరుకుతారో లేదో కూడా రైతు చూస్తాడు.

శనగ పీకడం మామూలు కష్టం కాదు. ఆకుల మీది నూగులో మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు ఊరి చేతులు మండుతాయి. యంత్రం పెడదామంటే, గుబురుగా పరుచుకునే రకాల కింది కాయలు కత్తికి అందవు. 1906 నుంచి ఉన్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇందుకోసమే ఎన్‌బీఈజీ 47 ‘ధీర’ను తెచ్చింది. అది నిటారుగా పెరిగి, నేలకు ఎత్తుగా కాస్తుంది. దానితో కొందరి కూలి పోయిందన్న మాటా నిజమే, దాన్ని దాటేయకూడదు.

1990ల మొదట్లో లక్ష హెక్టార్లు కూడా లేని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శనగ సాగు 2008-09 నాటికి ఆరు లక్షలు దాటింది. అందులో సింహభాగం జేజీ 11. నా భయమంతా ఇక్కడే. శనగలో పువ్వు విచ్చుకోకముందే స్వపరాగ సంపర్కం జరుగుతుంది. అందుకే రైతు ఇంట్లో దాచిన విత్తనం ఏళ్లు గడిచినా రకం మారదు, ఏటా కొననక్కర్లేదు. కానీ అదే గుణం వల్ల, ఒకే రకం వేసిన వేల ఎకరాల్లో మొక్కలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే. ఒకదాన్ని పడగొట్టే తెగులు అన్నిటినీ పడగొడుతుంది. కాయ ఊరే వేళ ఎండ ముదిరి తేమ తగ్గితే చెలరేగే ఎండు వేరుకుళ్లు జేజీ 11ను కూడా వదలడం లేదు.

పటాన్‌చెరు విత్తన బ్యాంకులో వైవిధ్యం భద్రంగానే ఉంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 3,171 సాగు శనగల, 195 అడవి శనగల జన్యుక్రమాలు 2021లో వెలువడ్డాయి. అయితే తెగులు వచ్చేది చేలోకి. వైవిధ్యం ఉండాల్సిందీ అక్కడే.

శనగ వేసే రైతులకు ఒక విన్నపం. ఈ అక్టోబరులో ఒక్క ఎకరంలోనైనా రెండో రకం వేయండి. ధీర కావచ్చు, నంద్యాల స్థానమే ఇచ్చిన ఎన్‌బీఈజీ 49 కావచ్చు. రెండింటి విత్తనాన్నీ విడివిడిగా దాచండి. ఏది మీ చేలో ఎలా నిలిచిందో స్థానం వారికి చెప్పండి.