ఓడకును ఒడ్డునకును నడుమ

విశాఖపట్టణమునకు 1933వ సంవత్సరము వరకు పెద్ద ఓడలు వచ్చెడివి కావు. ఊరి యెదుటికి మాత్రము వచ్చెడివి. అడుగు నేలకు తగులదను నమ్మకము కలిగినంత లోతున లంగరు దించి అక్కడనే నిలిచెడివి. ఓడ పైతట్టునుండి చూచువారికి ఒకవైపున డాల్ఫిన్ నోస్ కొండయు, దాని కెదురుగా మూడు గుట్టలపై వెంకటేశ్వరస్వామి కోవెల, దర్గా, చర్చియు వరుసగా కానవచ్చెడివి. ఊరు కంటికి దగ్గర, కాలికి దూరము. ఓడ ఏ దినమున లంగరు దించునో స్టీమరు కంపెనీవారి కాలపట్టిక చెప్పెడిది. ప్రయాణికుడు ఏ గంటకు నేలపై కాలు మోపునో చెప్పగల పట్టికను ఏ కంపెనీయు అచ్చువేయలేదు.

తూర్పుతీరమున చాల రేవులది ఇదే కథ. తీరము తిన్ననిది, ఇసుకతో నిండినది. ఓడ తలదాచుకొనదగిన అఖాతములు అరుదు. బంగాళాఖాతపు కెరటములు లోతు తగ్గినచోట విరిగి, ఒకదాని వెనుక నొకటిగా రెండు మూడు వరుసలు కట్టి ఒడ్డున పడును. విశాఖలో డాల్ఫిన్ నోస్ చాటున ఒక ఉప్పుటేరు సముద్రమును కలియుట నిజమే. కాని సంవత్సరములో అధికభాగము ఇసుక తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు నడచుచుండును. ఆ నడకలో ఏటిమొగను మేటవేసి మూయుచుండును. పోటు వేళ చిన్నపడవలు ఏటిలోనికి దూరగలిగెడివి. పెద్ద ఓడకు ఆ దారి లేదు.

ఓడకును ఒడ్డునకును నడుమ తిరుగు పడవను ఇంగ్లీషువారు టెండరు అందురు. ఇది గుత్తేదారులు వేయు టెండరు కాదు. కనిపెట్టుకొనియుండుట యను అర్థము గల 'అటెండ్' అను క్రియనుండి మొదటి అక్షరము జారిపోగా మిగిలిన మాట. బడిలో అటెండరు ఎట్టివాడో సముద్రముపై టెండరు అట్టిది: పెద్దవారు కూర్చున్నచోట కూర్చుండగా పనియంతయు తాను తిరిగి చేయును.

మద్రాసు మొదలు ఉత్తరాంధ్ర రేవుల వరకు ఈ పరిచర్య చేసినది మసూలా పడవ. పేరు మచిలీపట్నమునుండి వచ్చినదని కొందరును, చేపను తెలుపు వేరొక మాటనుండి వచ్చినదని కొందరును అందురు, తగవింకను తీరలేదు. పడవను గూర్చి మాత్రము తగవు లేదు. అందులో ఒక్క ఇనుపమేకు లేదు. పలకల అంచుల వెంట రంధ్రములు తొలిచి కొబ్బరిపీచు త్రాటితో వానిని కుట్టుదురు. అతుకుల నడుమ గడ్డియు పీచును కూరుదురు. లోపల ప్రక్కటెముకలవంటి ఆధారపు కఱ్ఱలు నుండవు. అడుగు చదును, ప్రక్కలు ఎత్తు. మేకులతో బిగించిన ఐరోపా పడవ ఆ కెరటములలో ఇసుకను ఢీకొన్నచో పలకలు పగిలిపోవును. కుట్టుపడవ వంగును, మెలికపడును, దెబ్బను ఒంటిలో ఇముడ్చుకొని మరల నిలుచును. బిగువే బలమని నమ్మినవారికి ఈ పడవ మొదట నవ్వు పుట్టించినను, తీరమునకు చేరవలసివచ్చినప్పుడు అందరును దానినే ఎక్కిరి. కుట్లలోనుండి నీరు కారుట తప్పదు గనుక నీరు తోడుచునే యుండవలెను. ప్రయాణికుని బట్టలు తడియుట పడవకూలిలో చేరినట్లే.

పడవ వెనుక పొడవైన తెడ్డు చేతబట్టి తండేలు నిలుచును. కెరటములు విరుగు వరుసకు వెలుపల పడవను ఆపించి వెనుకకు తిరిగి సముద్రమును చూచును. పెద్దకెరటములు గుంపులుగా వచ్చును. ఒక గుంపునకును మరియొక గుంపునకును నడుమ కొంత తెరిపి యుండును. ఆ తెరిపిని కనిపెట్టుటయే విద్య యంతయు. కొత్త ప్రయాణికునకు ఇది అర్థము కాదు. ఒడ్డు అంత దగ్గర నుండగా వీరేల ఊరక కూర్చుండిరని విసుగుకొనును. ఇంతలో తండేలు కేక వేయును. తెడ్లన్నియు ఒక్కమారు నీటిలో పడును. పడవ కెరటము వీపుపై నెక్కి, దానితోకూడ ఇసుకపై పడును. రెండవ కెరటము వచ్చులోగా మనుష్యులను పొడినేలపైకి చేర్చవలెను. మద్రాసులో దొరసానులను కుర్చీలపై మోసెడివారట. తక్కినవారికి పడవవారి భుజములే కుర్చీలు.

పడవకు తోడుగా తెప్పలు పోవుట కలదు. బోల్తాపడినవారిని నీటిలోనుండి ఎత్తుకొనుట తెప్పవారి పని. మద్రాసులో ప్రాణములు కాపాడిన తెప్పవారికి పతకములిచ్చు ఆచారముండెడిది. పడవ పోజాలని దినమునను తెప్ప పోగలిగెడిది. ఉత్తరములను తలపైని ఆకుటోపీలో దాచుకొని, కెరటము మీదపడినప్పుడెల్ల మునిగి తేలుచు, తెప్పవాడు ఓడకు తడియని కాగితము నందించెడివాడు. కెరటములు మితిమీరినప్పుడు మద్రాసు ఒడ్డున హెచ్చరికగా జెండా ఎగురవేసెడివారు. అది దిగువరకు ఓడ ఓడయే, ఊరు ఊరే. ఓడలో ఎంతటివాడున్నను జెండాకు లెక్కలేదు.

ఒడ్డుననుండి ఓడను చేరుటయు ఇట్టిదే. దీనికి విశాఖలోనే యొక గట్టి దృష్టాంతమున్నది. 1804 సెప్టెంబరు 15వ తేదీన బ్రిటిషువారి సెంచూరియన్ అను యుద్ధనౌక రెండు వర్తకపు ఓడలకు కావలిగా విశాఖ యెదుట లంగరు వేసి యుండగా ఫ్రెంచి సేనాని లినువా మూడు నౌకలతో వచ్చి పైబడెను. సెంచూరియన్ నాయకుడు జేమ్స్ లిండ్ ఆ వేళ ఒడ్డున నుండెను. ఆయన పడవనెక్కి ఓడను చేరువరకు పోరాటమును లెఫ్టినెంటు ఫిలిప్స్ నడుపవలసివచ్చెను. వర్తకపు ఓడలలో బార్నబీ ఒడ్డునకు కొట్టుకొనిపోయి బ్రద్దలయ్యెను. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువులకు చిక్కెను. సెంచూరియన్ మాత్రము కెరటములు విరుగు వరుస దగ్గరకు జరిగి దక్కినది. లోతు తక్కువగు ఆ చోటికి లినువా పెద్దనౌక మారెంగో సాహసించి రాలేకపోయెను. ప్రతి ప్రయాణికునకు శత్రువైన ఆ నిస్సారపు లోతు ఆ దినమున ఒక ఓడను కాచినది.

యుద్ధములు ఎప్పుడో యొకసారి. కూలీల ప్రయాణము నిత్యము. 19వ శతాబ్ది చివరి భాగమునుండి ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతముల పల్లెజనము వేలకొలది రంగూనునకు పోయిరి. వారి నోట రంగూను 'రంగం' అయినది. బర్మావారు వీరిని కోరంగీలనిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు ఆ పేరునకు మూలము. 1931 జనాభాలెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షకు పైబడియుండిరి. వీరు పోయినది స్టీమరుపైనే, కాని స్టీమరునకు ముందు పడవ కలదు. మూటలతో, పిల్లలతో, ఎన్నడును సముద్రముపై అడుగిడనివారు ఆ కుట్టుపడవలో కూర్చుండి కెరటములకు ఎదురు పోవలెను. వేడుకకు పోవువాడు పడవ తప్పినచో ఒక వింతను కోల్పోవును. మేస్త్రీవద్ద బయానా పుచ్చుకొనిన కూలీ పడవ తప్పినచో, తరువాతి స్టీమరు వచ్చువరకు రేవులో తిన్న తిండి ఎవరి ఖాతాలో పడునో ఊహింపవచ్చును.

ఈ దూరమును చెరపివేయుటకే విశాఖ ఓడరేవును త్రవ్విరి. ఉప్పుటేటి పర్రను త్రవ్వి లోతుచేసి, సముద్రమునకు కాలువ తీసి, ఏటిమొగకు దక్షిణమున రెండు పాత ఓడలనే ముంచి ఇసుకకు అడ్డుగోడ కట్టిరి. దశాబ్దములు ఓడలను ఊరికి దూరముగా నిలిపిన ఇసుకను ఆపుటకు తుదకు ఓడలనే బలియిచ్చుట చిత్రము. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి జలదుర్గ మొట్టమొదట లోనికి వచ్చెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. నాటినుండి ప్రయాణికుడు నిచ్చెన దిగినచో నేలపైననే దిగుచున్నాడు. మసూలా పడవకు ఓడల కొలువు పోయినది. ఐనను కుట్టుపడవలు అలివివలలు లాగు జాలరుల చేతులలో ఆ తరువాత గూడ చిరకాలము బ్రతికినవి.

టెండరు మాత్రము లోకమునుండి పోలేదు. 1912 ఏప్రిలు 10వ తేదీ సాయంకాలమున టైటానిక్ నౌక ఫ్రాన్సు దేశపు షెర్బూర్ రేవు యెదుట నిలిచినప్పుడు, ఒడ్డుననుండి ప్రయాణికులను తెచ్చి ఎక్కించినవి నొమాడిక్, ట్రాఫిక్ అను రెండు టెండర్లు. టైటానిక్ సముద్రగర్భమున నున్నది. దాని పరిచారికయైన నొమాడిక్ నేటికిని బెల్‌ఫాస్టు నగరమున భద్రముగా నున్నది.

నేటి విహారనౌకలలో పలుచోట్ల టెండరు పని ఓడ ప్రక్కన వ్రేలాడు లైఫ్ బోట్లే చేయుచున్నవి. ఒక్కొక్కటి నూరుగురకు పైగా మోయును. కాని ఓడలో వేలమంది యుందురు. అందుచే వరుస సంఖ్యలు గల చీటీలు పంచుదురు. ఓడ కంపెనీవారి యేర్పాటుతో ఊరు చూడబోవువారికి సాధారణముగా మొదటి పడవలు. హెచ్చు వెలగల గదులవారికి ప్రత్యేకపు మన్నన. స్వంతముగా బండి కుదుర్చుకొని పోదలచిన స్వతంత్రయాత్రికుడు చీటీ పట్టుకొని కూర్చుండును. ఓడ ఎనిమిది గంటలకు వచ్చునని చదివి ఎనిమిదిన్నరకు బండివానిని రమ్మన్నవాడు, పది గంటలకు గూడ ఓడమీదనే యుండి ఒడ్డునున్న బండిని చూడవలసిరావచ్చును. మరలివచ్చునప్పుడు చిక్కు ఇంకను పెద్దది. కంపెనీవారి బస్సు ఆలస్యమైనచో ఓడ సాధారణముగా వేచియుండును. స్వతంత్రయాత్రికుని కొరకు వేచియుండదు. ఆయనకు గడువు ఓడ కదలు వేళ కాదు, అంతకుముందే పోవు చివరి పడవ వేళ. ఓడలోని గడియారమును ఊరిలోని గడియారమును ఒకటి కానిచోట్లు గూడ నున్నవి. వీనికి తోడు అలలు పెరిగినచో కెప్టెన్ పడవలను మొత్తముగా ఆపివేయవచ్చును. మద్రాసు జెండాకు ఇది మనుమడు.

గ్రీసు దేశపు సాంటొరీని ద్వీపము యెదుట సముద్రము లోతు వందల మీటర్లు గనుక అక్కడ లంగరు వేయుటయే కష్టము. స్థానికపు పడవవారే ప్రయాణికులను కొండ పాదమునకు చేర్చుదురు. అక్కడినుండి తీగబండియో, కంచరగాడిదయో, ఇంచుమించు 600 మెట్లో దిక్కు. పడవ దిగగానే ప్రయాణము ముగిసెననుకొన్నవాడు తీగబండి వరుసలో మరల నిలుచును. కరీబియన్ సముద్రమున గ్రాండ్ కేమన్ ద్వీపమునను ఓడలు దూరముననే నిలుచును. అక్కడ నౌకాఘట్టము కట్టవలెనా యని 2025 ఏప్రిలులో ప్రజల అభిప్రాయమడుగగా, వోటువేసినవారిలో అధికసంఖ్యాకులు వలదనిరి. విశాఖ పడవవారిని ఆ కాలమున ఎవరును అడిగియుండరు. అడిగినను రంగం పోవువారు వారితో నేకీభవించియుండరనుట గూడ న్యాయమే.

విశాఖకు విహారనౌకలు ఇప్పుడు మరల వచ్చుచున్నవి. వాని కొరకు ఇంచుమించు 96 కోట్ల రూపాయలతో కట్టిన ఘట్టమును 2023 సెప్టెంబరు 4న ప్రారంభించిరి. 2024 ఏప్రిలులో 'ది వరల్డ్' అను విదేశీ నౌక దానికి వచ్చి ఆనుకొనినది. పడవ ప్రసక్తి లేకపోవుటచే ఇచ్చట దిగిన స్వతంత్రయాత్రికునకు ఉదయమున గంటయో రెండు గంటలో మిగులును. సింహాచలము, తొట్లకొండ, భీమునిపట్నము ఒక్క దినమున తీరికగా చూడవచ్చును. 90 కిలోమీటర్ల దూరమున, ఘాటుదారి పైనున్న బొఱ్ఱాగుహలకు సాయంకాలమున కదలు ఓడనుండి పోవుట మాత్రము జూదమే.

విశాఖలో ఎక్కినవారికి ఆ పాత మైలు పుదుచ్చేరిలో ఎదురైనది. 2022 జూనులో విశాఖనుండి బయలుదేరిన ఒక విహారనౌక పుదుచ్చేరి యెదుటికి పోయి నిలిచెను. ప్రభుత్వానుమతి లభింపనందున ఎవరును దిగకయే అది సాగిపోయెను. ఊరిని ఓడమీదనుండియే చూచి మరలిరి. 2025 జూలైలో అనుమతి దొరికెను. పెద్ద ఓడ ఆనదగిన లోతు అక్కడి రేవున లేదు గనుక ప్రయాణికులను చిన్ననౌకలలో ఒడ్డునకు చేర్చిరి. అట్లు దిగినవారు ఫ్రెంచివారి వీధులను, అరవిందాశ్రమమును నడచియే చూడవచ్చును. పూర్వము రోమనులతో వర్తకము నెరపిన అరికమేడు దక్షిణమున కొలది కిలోమీటర్లలో నున్నది. ఆరోవిల్ ఇంకను దూరము. అందలి మాతృమందిరము లోపలికి పోవుటకు ముందుగా అనుమతి పొందవలెను. ఆ అనుమతి చీటీపై వేళ నిర్ణయమై యుండును. ఓడలో పంచు పడవచీటీపై వేళ యుండదు, సంఖ్య మాత్రముండును. రెండు చీటీలును చేతబట్టినవాడు, తన సంఖ్య పెద్దదైనచో, ఆరోవిల్ మాట విడిచి అరికమేటికి బండి కుదుర్చుకొనుట మేలు.