విదేశములందు అద్దె కారు

పరదేశము పోవువారు అచ్చటి చలిని గురించియు, భోజనమును గురించియు నెలల ముందే విచారింతురు. అచ్చట తాము నడుపబోవు కారును గురించి మాత్రము విమానము దిగిన తరువాతనే ఆలోచింతురు. ఈ ఆలస్యము వలన కలుగు నష్టము ధనముతోనే పోవునని చెప్పజాలము.

సంగారెడ్డి చెంత జాతీయ రహదారి ప్రక్కనున్న కంది గ్రామమునకు ఈ విషయము దూరమైనది కాదు. 2008లో స్థాపితమై, మొదట ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారపు ఆవరణమున నడచిన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015లో కందిలోని స్వంత ప్రాంగణమునకు తరలివచ్చినది. ఆ ప్రాంగణ నిర్మాణమునకు జపాను దేశపు సహాయము లభించినది. చదువునకు, పరిశోధనకు ఆ దేశము పోవువారును, పటాన్‌చెరు కర్మాగారముల పనిమీద పోవువారును, అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులును ఈ ప్రాంతమున గలరు. అట్టివారి కొరకు ఈ నాలుగు మాటలు.

మొదటిది అనుమతి పత్రము. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి ఒడంబడికలో మన దేశమును భాగస్వామి. ఒక దేశపు లైసెన్సును మరియొక దేశపు పోలీసు అధికారి చదివి గ్రహించుటకై ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏర్పడినది. ఇది ఉన్న లైసెన్సునకు పలు భాషలలోని అనువాదము వంటిదే గాని వేరొక లైసెన్సు కాదు. కావున రెండింటిని వెంట నుంచుకొనవలెను. కంది వాస్తవ్యులు దీనికై సంగారెడ్డి రవాణా శాఖ కార్యాలయమున 4-ఏ ఫారముతో దరఖాస్తు చేసికొందురు. దీని గడువు ఒక సంవత్సరము. స్వదేశపు లైసెన్సు అంతకు ముందే ముగిసిన, ఇదియు దానితోనే ముగియును. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఒకే నమూనాను నిర్ణయించినది. రుసుము పుచ్చుకొని ‘అంతర్జాతీయ లైసెన్సు’ పేర చిన్న పుస్తకము పంపు ప్రైవేటు వ్యాపారుల కాగితము చెల్లదని గుర్తుంచుకొనవలెను.

దేశమును బట్టి నియమము మారును. జపానులో మన లైసెన్సు ఒక్కటే చాలదు. జెనీవా ఒడంబడిక ననుసరించిన పర్మిట్ లేనిదే కారు నడిపిన, లైసెన్సు లేకుండ నడిపినట్లే. బ్రిటనునకు చూడబోయినవారు మన లైసెన్సుతో పండ్రెండు నెలలు కారు నడుపవచ్చును. అమెరికాలో ఏ రాష్ట్రపు నియమము ఆ రాష్ట్రమునదే. చైనా ఈ పర్మిట్‌ను అంగీకరింపదు.

రెండవది ఇన్సూరెన్సు. ఇచ్చటనే పెక్కుమంది పొరబడుదురు. అద్దె పత్రములో రెండు వేర్వేరు విషయములుండును. కారునకు కలుగు నష్టమొకటి. మన కారు వలన ఇతరుల ప్రాణమునకు, ఆస్తికి కలుగు నష్టము మరియొకటి. కౌంటరు వద్ద మనకు చూపు ‘డ్యామేజి వేవర్’ మొదటిదానికి మాత్రమే సంబంధించినది. అందును కొంత మొత్తము మనమే భరింపవలసి యుండవచ్చును; టైర్లు, అద్దములు దానిలో చేరకపోవుటయు కలదు. రెండవదాని కొరకు అమెరికా రాష్ట్రములు విధించిన కనీసపు మొత్తము పెద్ద ప్రమాదమునకు చాలదు. అచ్చటి ఆసుపత్రి ఖర్చు ఒక కుటుంబపు జీవితకాలపు కూడబెట్టును హరింపగలదు. కావున ఇతరుల నష్టమునకు ఎంతవరకు పూచీ కలదో అడిగి తెలిసికొనిన పిదపనే సంతకము చేయవలెను.

పత్రములో పేరు లేనివారు స్టీరింగు ముట్టరాదు. కుమారుడు అద్దెకు తెచ్చిన కారును తండ్రిగారు కొంతసేపు నడిపిన, ఆ సమయమున ప్రమాదము జరిగిన, ఇన్సూరెన్సు వర్తింపకపోవచ్చును. పలు సంస్థలు ఇరువది యైదేండ్ల లోపు వారికి అదనపు రుసుము విధించును. ధరావతుగా క్రెడిట్ కార్డులో కొంత మొత్తమును నిలిపి యుంచుదురు. కావున బండిని తీసికొనునపుడే చుట్టును తిరిగి, ప్రతి గీతను, సొట్టను ఫోటో తీసి ఉంచుకొనవలెను. ప్రమాదము చిన్నదే యైనను పోలీసులకు తెలుపవలెను. జపానులో పోలీసు నివేదిక లేనిదే ఇన్సూరెన్సు లభింపదు.

మూడవది త్రోవ. జపాను, బ్రిటను, ఆస్ట్రేలియాలలో మనవలె ఎడమ ప్రక్కన నడుపుదురు. అమెరికా, జర్మనీ, ఫ్రాన్సు, గల్ఫు దేశములలో కుడి ప్రక్కన. రద్దీలో ముందరి బండిని చూచి నడుపుదుము గనుక తప్పు అరుదు. తెల్లవారుజామున నిర్జనమైన వీధిలో మలుపు తిరుగునపుడు, పెట్రోలు బంకు నుండి రోడ్డెక్కునపుడు పాత అలవాటు చేయి పట్టి ఈడ్చును. ఆ క్షణమున ప్రక్కన కూర్చున్నవారు ‘కుడి, కుడి’ యని హెచ్చరించుట మంచిది. ‘స్టాప్’ గుర్తు వద్ద వేగము తగ్గించిన చాలదు. చక్రములు పూర్తిగా ఆగవలెను. అమెరికాలో స్కూలు బస్సు ఎఱ్ఱ దీపములు వెలిగించి ఆగినపుడు, నడుమ విభాగము లేని రోడ్డుపై ఎదురుగా వచ్చు బండ్లును ఆగితీరవలెను. జపానులో మద్యము త్రాగి నడుపువానినే గాక, అతనికి మద్యమిచ్చినవారిని, ఎరిగి యుండియు అతని బండి ఎక్కినవారిని సైతము శిక్షింతురు.

పదునైదు గంటల విమాన ప్రయాణము చేసి, నిద్ర లేని కన్నులతో తిన్నగా స్టీరింగు పట్టుట తగదు. మొదటి రాత్రి విశ్రమించి మరునాడు బండి తీసికొనవలెను. టోకియో, ఒసాకా వంటి నగరములలో రైలే సుఖము. కారు పల్లెలకు, కొండసీమలకు పోవునపుడే పనికివచ్చును. అవసరమున్న దినములకే అద్దె చెల్లించిన, ఖర్చును తగ్గును, అపాయమును తగ్గును.