బొంతల కుట్టుకు ఏ మిషన్ కొనాలి?

మన కుట్టు కేంద్రంలో అక్కచెల్లెళ్లు పాత నూలు చీరలతో బొంతలు కుడుతున్నారు. ఉన్న మిషన్లు చాలవా, పెద్దది ఎందుకని కొందరు అడిగారు.

ఇంటి మిషన్‌లో సూదికీ కుడివైపు నిలువు భాగానికీ మధ్య జాగా 6, 7 అంగుళాలే. డబుల్ కాట్ బొంతను చుట్టి దూర్చితే, నడిమికి వచ్చేసరికి ఇరుక్కుంటుంది. లాగితే కుట్టు వంకరపోతుంది, సూది విరుగుతుంది. ఫ్యాక్టరీ రకం మిషన్లలో ఆ జాగా సుమారు 10 అంగుళాలు ఉంటుంది.

జాగా ఒక్కటే చాలదు. మామూలు మిషన్ పళ్లు అడుగు పొరనే లాగుతాయి. పైపొర వెనకబడి ముడతలు పడుతుంది. అందుకే పాదం కూడా బట్టతో కలిసి నడిచే వాకింగ్ ఫుట్ రకం కావాలి. సర్వో మోటారైతే కుట్టేటప్పుడే తిరుగుతుంది కనుక కరెంటు ఆదా. వేగం తగ్గించుకోవచ్చు కనుక కొత్తగా నేర్చేవారికి భయం ఉండదు. కొనేముందు మన బొంత ముక్కనే కుట్టి చూడాలి. మెకానిక్, విడిభాగాలు దగ్గరలో దొరుకుతాయో కనుక్కోవాలి.

ఒక మనవి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుల సొంతం కావాలి. అందరూ వాడే పెద్ద మిషన్‌కు అది చెల్లదు. కాబట్టి దీన్ని సదఖా, లిల్లాహ్ విరాళాలతో కొంటాం. జకాత్‌తో అర్హులైన వితంతువులకు ఇంటి మిషన్లు సొంతంగా ఇస్తాం. మీ విరాళం ఏ పద్దు కిందిదో రసీదుపై తప్పక రాయించండి.