పెట్టె ఇచ్చి వచ్చేస్తే సగం పనే

1654లో బ్రెజిల్‌లోని రెసీఫే నుంచి పారిపోయి వచ్చిన 23 మంది యూదులు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రేవులో దిగారు. ఇవాళ్టి న్యూయార్క్‌కు అప్పటి పేరు అదే. అక్కడి డచ్చి పాలకుడు పీటర్ స్టైవెసెంట్‌కు వాళ్లు ఉండటం ఇష్టం లేదు. వెళ్లగొట్టడానికి అనుమతి ఇమ్మని, ఆ వలసను నడిపే డచ్చి వెస్టిండియా కంపెనీకి రాశాడు. మరుసటి ఏడాది కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఉండనివ్వండి, కానీ వాళ్లలోని పేదల భారం కంపెనీ మీదా ఊరి మీదా పడకూడదు, వాళ్లను వాళ్ల జనమే చూసుకోవాలి అన్నది అందులోని షరతు.

షరతు అవమానకరమైనదే. అయితే అందులో అడిగిన పని ఆ జనానికి కొత్త కాదు. పొలం కోసేటప్పుడు అంచులు కోయకుండా వదలాలనీ, రాలిన కంకులను పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. బైబిలు కథలో బోయజు పొలంలో రూతు పరిగె ఏరుకున్నది ఆ హక్కుతోనే. మన పల్లెల్లోనూ కోతలయ్యాక పరిగె ఏరుకునే వాళ్లను రైతు అడ్డగించేవాడు కాదు. మనదగ్గర మంచితనంగా, ఆనవాయితీగా ఉన్నదాన్ని యూదులు చట్టంగా రాసుకున్నారు. తరవాతి యూదు పండితులు ఆ చట్టానికి ఇంకో మాట చేర్చారు, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. దానం తీసుకుని బతికే మనిషి కూడా తనకు చేతనైనంత దానం చేసి తీరాలి. అంటే పుచ్చుకునేవాడు ఎప్పటికీ పుచ్చుకునేవాడుగానే మిగిలిపోకూడదు.

న్యూయార్క్‌లోని యూదు సేవాసంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేయాలనుకునే వాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే అనిపిస్తుంది. అక్కడ పద్ధతులు చాలావరకు ఇందులోంచే పుట్టాయి.

1881 తరవాత రష్యాలో యూదుల మీద దాడులు పెచ్చుమీరాయి. అప్పటినుంచి 1924లో అమెరికా తలుపులు దాదాపు మూసేదాకా తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షల మంది దాకా వలస వచ్చారు. ఎక్కువమంది కాలుపెట్టింది మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లోనే. వాళ్లకోసం పుట్టిన సంస్థల్లో హయాస్ ఒకటి. ఓడ దిగినవాళ్లకు దుభాషీలను ఇచ్చింది, బంధువుల ఆచూకీ పట్టింది, వలసదారులను తనిఖీచేసే ఎల్లిస్ ద్వీపంలో కోషర్ వంటశాల, అంటే యూదుల ఆహారనియమాల ప్రకారం నడిచేది, పెట్టించింది. 1892లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ ఇంకో దారి పట్టింది. తోపుడుబండి కొనుక్కోవడానికో కుట్టుమిషను కొనుక్కోవడానికో చిన్న అప్పు, హామీదారు సంతకం, వడ్డీ సున్నా. ఆ సంస్థ నేటికీ నడుస్తోంది, మతంతో పనిలేకుండా నగరవాసులకు వడ్డీలేని అప్పులిస్తోంది. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ముఖం మాడ్చుకుని ఇవ్వడం అన్నిటికన్నా కింది మెట్టు. అప్పిచ్చో, పని ఇప్పించో, వ్యాపారంలో భాగం కలిపో మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడం పై మెట్టు. ఆ పై మెట్టును ఒక కార్యాలయంగా, ఒక ఖాతాపుస్తకంగా మార్చి వందేళ్లకు పైగా నడపడం మామూలు సంగతి కాదు.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పుకోవాలి. యూదులంటే డబ్బున్నవాళ్లు అన్న మాట మనవాళ్లలోనూ వినిపిస్తుంది. 1971లో ఆన్ వుల్ఫ్ అనే సామాజిక కార్యకర్త, యూదుల్లో ఎవరి కంటా పడని పేదలు ఉన్నారని ఒక నివేదికలో గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో యూదు పేదల కోసం మెట్ కౌన్సిల్ అనే సంస్థ ఏర్పడింది. ఆ పేదలు ఎవరంటే, పిల్లలు వేరే ఊళ్లకు వెళ్లిపోగా పాత అపార్ట్‌మెంట్లలో మిగిలిపోయిన ముసలివాళ్లు. విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ పేటల్లో చిన్న సంపాదనతో పెద్ద సంసారాలు ఈదుతున్న సంప్రదాయ కుటుంబాలు. పాత సోవియట్ దేశాల నుంచి బ్రైటన్ బీచ్ వైపు వచ్చి స్థిరపడిన వృద్ధులు. ఈ వృద్ధుల్లో నాజీల మారణహోమాన్ని తప్పించుకుని బతికినవాళ్లు ఉన్నారు. చిన్నతనంలో ఆకలి చూసినవాళ్లు తొంభయ్యో పడిలో మళ్లీ ఖర్చులు లెక్కపెట్టుకుంటూ బతకడం ఏ నగరానికీ గౌరవం కాదు. 1936లో జర్మనీ శరణార్థుల కోసం మొదలైన సెల్ఫ్‌హెల్ప్ అనే సంస్థ ఇప్పుడు ఇలాంటివాళ్లకే ఇంటి సాయం ఏర్పాటుచేస్తోంది.

స్వచ్ఛంద సేవకులకు చేతినిండా పని దొరికేది పస్కా పండుగ ముందు. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసిన పిండి వాసన ఉండకూడదు. గోధుమ, బార్లీలతో చేసి పులియబెట్టినవేవీ తినరు, దగ్గరే ఉంచుకోరు. తూర్పు యూరప్ సంప్రదాయం వాళ్లయితే బియ్యం, పప్పులు కూడా ముట్టరు. పండుగకు విడిగా ధ్రువీకరించిన సరుకులే కొనాలి, వాటి ధర ఎక్కువ. అందుకే గోదాముల్లో బల్లలు వరసగా వేసి పెట్టెలు నింపుతారు. అడుగున బరువైన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ద్రాక్షరసం సీసా. పైన పులియని రొట్టెల ప్యాకెట్టు, ఎందుకంటే అవి అప్పడాల్లా విరుగుతాయి. గుడ్లు అన్నిటికన్నా ఆఖరున. పక్కన నిలబడ్డ పెద్దాయన ఏ డబ్బా మీద పండుగ ముద్ర ఉందో చూసి మరీ అందిస్తుంటాడు. అది చాదస్తం అనుకోకూడదు. ముద్ర లేని డబ్బా ఒక్కటి వెళితే పుచ్చుకున్న ముసలావిడ దాన్ని వాడదు, ఎవరితోనూ చెప్పదు, పండుగపూట ఆ మేరకు తక్కువ తింటుంది.

పెట్టెను ఇంటికి చేర్చడం తరవాతి పని. 1976లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన డోరోట్ అనే సంస్థ అప్పర్ వెస్ట్ సైడ్‌లో వృద్ధుల కోసం పనిచేస్తుంది. పండుగ సంచులతో ఇళ్లకు వెళ్లే వాలంటీర్లు గుమ్మంలోనే ఇచ్చి వచ్చేయడం వాళ్ల పద్ధతి కాదు. లోపలికి రమ్మంటే వెళ్లాలి, కూర్చోమంటే కూర్చోవాలి, కాసేపు మాట్లాడాలి. వారంవారం ఒకే మనిషి ఒకే ఇంటికి వెళ్లే ఏర్పాటూ ఉంది. కదలలేనివాళ్లకు ఫోను మీదే పాఠాలు, చర్చలు నడుపుతారు. ఇలాంటి చోట్ల సంస్థలు వాలంటీరు దగ్గర చూసేది మాట నిలబెట్టుకోవడం. మంగళవారం నాలుగింటికి వస్తానని చెప్పి రాకపోతే, ఆ ఇంట్లో మూడింటికే బట్టలు మార్చుకుని కూర్చునే అమ్మమ్మలాంటి ఒకావిడ ఆ సాయంత్రమంతా తలుపు వైపే చూస్తుంది. వారంవారం వెళ్లలేనివాళ్లు ముందే చెప్పేసి, పెట్టెలు నింపే ఆదివారం ఒక్కపూట వెళ్లడం మేలు.

మస్బియా కథ చెప్పకుండా ఉండలేను. 2005లో బరో పార్కులో ఈ ఉచిత భోజనశాల తెరిచినప్పుడు వరసలో నిలబెట్టి పళ్లెంలో వేసే పద్ధతి పెట్టలేదు. హోటల్లోలా బల్లలు, బల్లకూ బల్లకూ మధ్య అడ్డుతెరలు, కూర్చున్నచోటికే తెచ్చి వడ్డించే వాలంటీర్లు. పక్క బల్ల దగ్గర తన పేటవాడే ఉన్నా ముఖం కనపడేది కాదు. ఏ మతం వాళ్లయినా రావచ్చు. మన పెళ్లిళ్లలో బంతిలో కూర్చున్నవాణ్ణి కొసరి కొసరి అడిగి వడ్డిస్తాం. అన్నదానం దగ్గరికి వచ్చేసరికి క్యూ కట్టించి ఫొటో తీస్తాం. ఈ రెండోదాన్ని మనం మానుకోవాలని నా గట్టి అభిప్రాయం.

నియమాలు కొన్ని ఉన్నాయి. కోషర్ వంటగదిలోకి మన టిఫిన్ డబ్బా తీసుకెళ్లకూడదు. మాంసం గిన్నెలు, పాల గిన్నెలు వేరు. శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు అనే విశ్రాంతి దినం కాబట్టి కార్యాలయాలు మూసి ఉంటాయి, నిష్ఠగలవాళ్లు ఫోను ఎత్తరు. తలుపు దగ్గర కాపలా, గుర్తింపుకార్డు తనిఖీ ఉంటాయి. 2018లో పిట్స్‌బర్గ్ ప్రార్థనామందిరంలో 11 మందిని చంపినవాడు, శరణార్థులకు సాయం చేస్తోందని హయాస్ మీదే కక్ష కట్టాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు తనిఖీకి విసుక్కోరు.

అన్నిటినీ మెచ్చుకోలేం కూడా. బ్రూక్లిన్‌లో 1960ల చివర పుట్టిన హట్సాలా అంబులెన్సు దళం ప్రాణం నిలపడానికి సబ్బాతునాడూ పరుగెత్తుతుంది. ఆ సేవ గొప్పది. కానీ అందులో ఆడవాళ్లకు చోటు ఇవ్వలేదు. పురుడొచ్చే వేళకు కూడా మగవాళ్లే రావడమేమిటని రూఖీ ఫ్రైయర్ అనే న్యాయవాది ఆడవాళ్లతోనే ఎజ్రాస్ నాషిమ్ అనే బృందం కట్టింది. ఎంతో వ్యతిరేకతను దాటుకుని 2020లో అంబులెన్సు అనుమతి సాధించింది. నియమాన్ని గౌరవిస్తూనే దాని లోపల దారి వెతికిన ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఈ సంస్థల్లో చాలావాటికి వాలంటీరు యూదు కావలసిన పనిలేదు. డిసెంబరు 25న క్రైస్తవ సహోద్యోగులు ఇంటిపట్టున ఉండేలా ఆసుపత్రుల్లో, భోజనశాలల్లో యూదులు వాళ్ల పనికి నిలబడటం అమెరికాలో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ. పస్కా ముందు మనం వెళ్లి పెట్టెలు నింపితే అదీ అలాంటిదే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, జెర్సీ సిటీలో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండిపోయిన తెలుగు ఆడపడుచులు ఎందరో ఉన్నారు. జీతం లేని సేవ వాళ్లు చేయవచ్చు, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగాన్ని మాత్రం ఉచితంగా చేయకూడదు. అక్కడ నేర్చుకున్నది మనకూ వెంటనే అక్కరకొస్తుంది. ఎవరైనా ప్రమాదంలో పోతే తెలుగు సంఘాలు కదిలి చందాలు పోగుచేస్తాయి, అది నిజంగా మంచి పని. కొడుకు దగ్గరికి వచ్చి, అతను ఆఫీసుకు వెళ్లాక నాలుగు గోడల మధ్య పొద్దుపుచ్చే అమ్మానాన్నల కోసం మాత్రం మనకింకా వారంవారం తలుపు తట్టే ఏర్పాటు బలంగా లేదు. తెలుగులో ఫోను మీద వారానికో గంట భాగవతం చెప్పేవాళ్లు, వినేవాళ్లు రెండువైపులా ఉన్నారు. జాబితా రాసి, ఎవరికి ఎవరో కలిపి, వారంవారం తప్పకుండా నడిపే మనుషులు నలుగురు కావాలి.