లైబ్రరీలో గుంపు, ప్లాట్‌ఫారం మీద హకీం

1926. గోలకొండ పత్రిక మొదలైన ఏడాది. నాంపల్లి స్టేషన్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఆనాటి హైదరాబాదులో ఒక రహస్యాన్ని ఛేదించే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నామనుకుందాం. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు తలా ఒక పాత్ర, కథ నడపడానికి ఒక గేమ్ మాస్టర్. నియమాలు 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ క్తుల్హూ’వి, లెక్కలు దాని ఏడో ఎడిషన్‌వి.

ఇందులో ప్రతి నైపుణ్యానికీ ఒక శాతం ఉంటుంది. 1 నుంచి 100 దాకా చూపే పాచికలు వేస్తారు. ఆ శాతంగానీ అంతకు తక్కువగానీ పడితే పని అయినట్టే. ఆ శాతాన్ని పెంచేది ముఖ్యంగా వృత్తే. విలేకరి పాత్రలో చదువుకు ఇచ్చిన అంకె 70 అయితే, దానికి నాలుగు రెట్లు, అంటే 280 పాయింట్లు, ఆ వృత్తి నైపుణ్యాల మీద పంచుకోవచ్చు. గ్రంథాలయంలో వెతకడం ఎవరికైనా మొదటినుంచీ 20 ఉంటుంది. విలేకరి దానికి 45 కలిపితే 65.

అబిడ్స్‌కు దగ్గర్లోనే, 1901లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో పాత పత్రికలు తిరగేసి ఒక పేరు పట్టుకోవాలి. విలేకరికి 65 శాతం అవకాశం. ఆ పని బొత్తిగా రాని ఐదుగురు తలా ఒకసారి పాచికలు వేస్తే? ఒక్కొక్కరు విఫలమయ్యే అవకాశం 80 శాతం. ఐదుగురూ విఫలమయ్యేది 33 శాతమే. అంటే గుంపు అవకాశం 67. విలేకరి చదువంతా రెండు శాతం తేడాతో ఓడిపోయింది!

పని కష్టతరం చేస్తే వృత్తికి విలువ వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. కష్టమైన పనికి శాతం సగమవుతుంది: విలేకరికి 32, మిగతావాళ్లకు తలా 10. ఐదు పదులు కలిసి 41 శాతం అవకాశం తెస్తాయి. గుంపు ఇంకా ముందుకెళ్లింది.

ఇప్పుడు నాంపల్లి ప్లాట్‌ఫారం మీద ఒక ప్రయాణికుడు విషం తిని పడిపోయాడు. వైద్యం అందరికీ మొదట ఉండేది 1 శాతమే. ఐదుగురూ ప్రయత్నించినా 5 శాతం దాటదు. 60 ఉన్న హకీం సాహెబ్ కోసం అందరూ పరుగెత్తాల్సిందే. (నియమాల పుస్తకం డాక్టరుకు లాటిన్ ఇచ్చింది. నాంపల్లి హకీంకు దాని బదులు ఫార్సీ ఇవ్వాలి, అదే న్యాయం.)

వృత్తి బలాన్ని తేల్చేది నిపుణుడి 65 కాదు, తెలియనివాడి దగ్గరున్న ఆ 20. దాన్ని ఎంత తక్కువగా ఉంచితే వృత్తికి అంత బలం.

2008లో వచ్చిన ‘ట్రెయిల్ ఆఫ్ క్తుల్హూ’ ఆట ఈ సమస్య అసలు మూలానికే వెళ్లింది. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే ఆధారం దొరుకుతుంది, పాచికలు అక్కర్లేదు. నాకు ఈ పద్ధతే నచ్చింది. పత్రికల్లో పుట్టి పెరిగిన మనిషి ఒక పేరు పట్టుకోలేక ఖాళీ చేతులతో బయటికొస్తే, ఆ పాత్రను అంత శ్రద్ధగా తయారుచేసుకున్న ఆటగాడికి అన్యాయం జరిగినట్టే. విలేకరికి ఆ పేరు ఇచ్చేయండి. ఆ సంగతి పత్రికలో రాయాలా, దాచాలా అన్నది అతన్ని తేల్చుకోనివ్వండి. వెనకాల ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు విన్నాడా లేదా అన్నదానికి మాత్రం పాచికలు వేయించండి.